ఆరుద్ర పురుగుకు ఆరు అంకెలు: మన ఊరి పోకెమాన్‌ను తయారుచేయడం ఎట్లా?

మా అక్క కొడుకు ఏడో తరగతి. హన్మకొండలో ఉంటాడు. మొన్న ఎండాకాలం సెలవుల్లో రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "మామా, గివన్నీ మన వరంగల్ పోకెమాన్లు. ఎట్లున్నయో సూసి చెప్పు."

చూశాను. పోకెమాన్లంటే జపాన్ వీడియో గేమ్‌లో పట్టి, పెంచి, కొట్లాడించే ఊహా జీవులు. మొదటి పేజీలో వాటిలో పేరుమోసిన పసుపు ఎలుక పికాచు, నెత్తి మీద కాకతీయ తోరణం. రెండో పేజీలో మళ్లీ పికాచే, ఈసారి మెడ చుట్టూ తంగేడు పూలు. మూడో పేజీలో ఒక బల్లి, ఒంటి నిండా ఎండుమిర్చి. దాని పేరు ఎనుమాముల్‌మాన్, మిర్చి యార్డు పేరు మీద. బొమ్మలు మాత్రం చక్కగా గీశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"దీని బలమెంతరా?"

"అన్నీ వందే."

"ఏ టైపు?"

"అన్ని టైపులు."

అభిమానులు సొంతంగా ఊహించి తయారుచేసే ఇలాంటి జీవులను ఆడేవాళ్లంతా ఫేకెమాన్ అంటారు. బయటి నుంచి చూస్తే ఇది బొమ్మలు గీసుకునే సరదా. లోపలికి పోతే బొమ్మ, లెక్క, భాష, జీవశాస్త్రం ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్న దారపు ఉండ. దాదాపు అందరూ బొమ్మ కొసనే పట్టి లాగుతారు. ముడి అక్కడే బిగుస్తుంది. ఆ జీవి ఏం చేస్తుందో ముందు తేలాలి. ఎట్లా ఉంటుందో ఆ తర్వాతి సంగతి. నెత్తిన తోరణం పెట్టినంత మాత్రాన జపాన్ ఎలుక ఓరుగల్లుది కాదు.

ఈ మాట నా సొంతం కాదు, అసలు ఆటే చెప్తుంది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం మీద రెడ్, గ్రీన్ పేర్లతో పోకెమాన్ వచ్చింది. దాన్ని తలపెట్టిన సతోషి తజిరి టోక్యో శివారులోని మచిదలో పురుగులు పట్టుకుంటూ పెరిగిన మనిషి. ఆయన పెద్దయ్యేసరికి ఆ పొలాలు, కుంటలు పోయి ఇళ్లు లేచాయి. పురుగును వెతికి పట్టుకునే ఆ సంబరాన్ని తర్వాతి పిల్లలకు ఇంకో రకంగా అందించాలనుకున్నాడు. అప్పుడు 151 జీవులు. ఇప్పుడు వెయ్యి దాటాయి.

అందులో ఒకటి మాజికార్ప్ అనే చేప. జలపాతానికి ఎదురీది పైకెక్కిన చేప డ్రాగన్ అవుతుందని చైనాలో పాత కథ ఉంది. ఆ కథను చెప్పడానికి ఆట వాళ్లు చేప ఒంటి మీద డ్రాగన్ బొమ్మ అతికించలేదు. చేపను పనికిమాలినదిగా చేశారు. దానికి మొదట వచ్చే ఒకే విద్య స్ప్లాష్, అంటే ఎగిరి పడటం. దానివల్ల ఎదుటివాడికి చీమ కుట్టినంత దెబ్బ కూడా తగలదు. విసుగు పుట్టే దాకా దాన్ని మోసుకు తిరిగి 20వ లెవెల్‌కు చేరిస్తే గ్యారడాస్ అవుతుంది. మొత్తం బలం 200 నుంచి ఒక్క దూకుడున 540కి పోతుంది. ఎదురీత కష్టాన్ని చేప కన్నా ఎక్కువగా ఆడేవాడే పడతాడు. కథ మొత్తం అంకెల్లోనే ఉంది.

మరి మనకేముంది? వాడిని అడిగాను: "ఆరుద్ర పురుగును ఎప్పుడన్న సూసినవా?" లేదన్నాడు. నాకు ఆశ్చర్యం వేయలేదు. మా చిన్నప్పుడు మేం ఆ పురుగులు ఏరుకున్న చెల్కలన్నీ ఇప్పుడు వెంచర్లు. తజిరి బాధ నాకు ఆ పూట బాగా అర్థమైంది.

చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని మీదనే నడుస్తుంది. తొలకరి వానలు పడి నేల తడిసిన పొద్దున, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో అన్నట్టు ఎర్రటి మఖ్మల్ గుండీల్లాంటి పురుగులు నేల మీద పాకుతుంటాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా పడి ఉంటాయి. కొన్ని గంటలే. ఎండ ముదిరితే మళ్లీ మట్టిలోకి పోతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం వాటి బతుకు నేల లోపలే.

పురుగు అంటాం గానీ అది కీటకం కాదు. సాలీడు, తేలు కుటుంబానికి దగ్గరి చుట్టం, ఎనిమిది కాళ్లు. ఇంకో విచిత్రం ఉంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. ఆ పిల్ల మిడతలాంటి కీటకాలకు అంటుకుని వాటి ఒంట్లోని ద్రవం పీల్చి బతుకుతుంది. తర్వాత ఊడి నేలలో దిగి, కదలిక లేని దశ దాటి, ఎనిమిది కాళ్లతో వేటాడే జీవిగా మారుతుంది. ఎర్ర రంగు కూడా సోకు కోసం కాదు. 'నన్ను తింటే చేదు' అని పిట్టలకూ తొండలకూ వేసిన బోర్డు.

పరాన్నజీవి, నిద్ర, వేటగాడు. మూడు దశల పరిణామం ప్రకృతే రాసి పెట్టింది. మనం చేయాల్సింది దాన్ని ఆట భాషలోకి దించడం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

టైపుల చిక్కు

ఆటలో మొత్తం 18 టైపులున్నాయి. మొదట 15 ఉండేవి. 1999లో డార్క్, స్టీల్ కలిశాయి, 2013లో ఫెయిరీ చేరింది. ఒక జీవికి ఒకటి గానీ రెండు గానీ టైపులుంటాయి, అంతకు మించవు. ఒంటరివి 18, జంటలు 153, కలిపితే 171 రకాలు. "అన్ని టైపులు" అన్న మా వాడి కోరిక ఇక్కడే కొట్టుకుపోయింది.

టైపంటే ఎవరి దెబ్బ ఎవరికి ఎంత తగులుతుందో చెప్పే పట్టిక. నీళ్ల దెబ్బ నిప్పుకు రెట్టింపు. నిప్పు దెబ్బ నీళ్లకు సగం. కరెంటు దెబ్బ మట్టికి సున్నా. జీవికి రెండు టైపులుంటే రెండు లెక్కలూ గుణించాలి. అందుకే కొన్ని దెబ్బలు నాలుగింతలవుతాయి, కొన్ని పావు వంతుకు పడిపోతాయి. తన టైపుకు చెందిన విద్య వాడితే ఒకటిన్నర రెట్ల బలం వస్తుంది. మిగతాదంతా ఈ గుణింతాల ఆటే.

ఆరుద్ర పురుగుకు ఏ టైపు పెట్టాలి? మా వాడు ఆలోచించకుండా "బగ్, గ్రౌండ్" అన్నాడు. పురుగు, మట్టి. సాలీళ్లను కూడా ఆట బగ్ టైపులోనే పెడుతుంది కాబట్టి ఎనిమిది కాళ్ల పట్టింపు లేదు. కాగితం మీద లెక్క వేశాం. ఫైర్, వాటర్, ఐస్, ఫ్లయింగ్, ఈ నాలుగూ రెట్టింపు తగులుతాయి. ఫైటింగ్, గ్రౌండ్, పాయిజన్ సగం. ఎలక్ట్రిక్ సున్నా. గ్రాస్, రాక్ ఒక టైపుకు రెట్టింపు, ఇంకో టైపుకు సగం కావడంతో కొట్టివేసుకుని మామూలైపోయాయి.

రెండో పేరు మళ్లీ చూడండి. వాటర్. వాన కోసం ఏడాదంతా ఎదురుచూసే పురుగుకు నీళ్లే శత్రువు! అంతటితో ఆగదు. ఆటలో వాన వాతావరణం నడుస్తుంటే వాటర్ విద్యల బలం ఒకటిన్నర రెట్లవుతుంది. రెండును ఒకటిన్నరతో గుణిస్తే మూడు. తన పండుగ రోజున ఈ పురుగు మూడింతల దెబ్బ తింటుందన్నమాట.

చాలామంది ఇక్కడ టైపు మార్చేస్తారు. నేను మార్చవద్దంటాను. ఇలాంటి తిరకాసు తగలడం మంచి గుర్తు, జీవికి ప్రాణం వచ్చేది అక్కడే. టైపు కాక జీవికి అబిలిటీ అనే పుట్టు గుణం ఒకటి ఉంటుంది. మాకు రెండు దారులు కనిపించాయి. మొదటిది స్విఫ్ట్ స్విమ్. వానలో వేగం రెట్టింపవుతుంది. వాన పడగానే బయటికి వచ్చే పురుగుకు సరిపోయినట్టే ఉంది, కానీ నీళ్ల దెబ్బ సంగతి తీరదు. రెండోది డ్రై స్కిన్. ఈ గుణం ఉన్న జీవికి నీళ్ల దెబ్బ తగలకపోగా దాని ప్రాణం పావు వంతు తిరిగి వస్తుంది. వానలో కొట్లాట ఒక్కో విడత నడిచినప్పుడల్లా ప్రాణంలో ఎనిమిదో భాగం కోలుకుంటుంది. ఎండ కాస్తే ప్రతి విడతకూ అదే ఎనిమిదో భాగం పోగొట్టుకుంటుంది. నిప్పు దెబ్బ పాతిక శాతం ఎక్కువ తగులుతుంది.

చదువుతుంటే ఆరుద్ర పురుగును చూసే రాశారేమో అనిపించింది నాకు. వానలో బతుకు, ఎండలో ఎండిపోవడం. బగ్‌కు నిప్పు దెబ్బ ఎట్లాగూ రెట్టింపు, దాని మీద ఒకటింపావు, ఎండ వాతావరణం ఉంటే ఇంకో ఒకటిన్నర. మూడూ గుణిస్తే 3.75. మే నెల ఎండలో ఆరుద్ర పురుగు బయటపడితే ఎట్లుంటుందో ఈ అంకెలోనే ఉంది. వాన నడుస్తుంటే నిప్పు విద్యల బలం సగానికి పడిపోతుంది. బొమ్మలో ఒక్క గీత గీయకముందే జీవి సగం తయారైంది.

ఒక హెచ్చరిక. మట్టిలో ఏళ్లు గడిపి బయటికి వచ్చే ఇలకోడి (సికాడా) మీద ఆట వాళ్లు ముందే ఒక జీవిని చేశారు. దాని పేరు నింకాడా, అదీ బగ్, గ్రౌండే. టైపులు కలవడం దొంగతనం కాదు. ఉన్నవి 171 రకాలే, జీవులు వెయ్యికి పైన, కలవక తప్పదు. నింకాడా ఒక్కసారి మట్టి వదిలితే మళ్లీ దిగదు, రెక్కల నింజాస్క్ అయిపోతుంది. మనది ఏటా వచ్చి మళ్లీ దిగిపోయే జీవి. ఈ తేడా తెలిసి గీస్తే చాలు. తెలియకుండా గీస్తే మాత్రం చూసినవాడు 'ఇది నింకాడాకు ఎర్ర చొక్కా కదా' అంటాడు.

ఆరుగురి పంపకం

ప్రతి జీవికీ ఆరు అంకెలుంటాయి. ప్రాణం, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. ఒకే తండ్రి ఆస్తిని ఆరుగురు అన్నదమ్ములు పంచుకున్నట్టు అనుకోండి. ఒకడికి ఎకరం ఎక్కువ పోతే ఇంకొకడికి తగ్గాలి. ఆస్తి ఎంతన్నది జీవి స్థాయిని బట్టి ఉంటుంది. క్యాటర్‌పీ అనే గొంగళి పురుగుకు మొత్తం 195. మొదటి ఆటలో మనకిచ్చే మూడు జీవులు పెరిగి పెద్దవైతే వీనసార్‌కు 525, బ్లాస్టాయిస్‌కు 530, ఛారిజార్డ్‌కు 534. దైవాంశ గల అరుదైన జీవుల్లో పెద్దవాటికి 680, ఆర్సియస్ అనే దానికి 720 దాకా పోతుంది.

"అన్నీ వందే" అన్న మా వాడి మిర్చి బల్లి మొత్తం 600. సరిగ్గా ఆరు వందలతో మొదటి ఆటలోనే ఒక జీవి ఉంది, పేరు మ్యూ. పురాణ జీవి, ఏ విద్యనైనా నేర్చుకోగలదు. మిర్చి యార్డులో తిరిగే బల్లికి ఆ వైభవం ఎందుకురా అంటే వాడికి కోపం వచ్చింది. కానీ ఆలోచించాడు. అన్నీ సమానంగా ఉన్న జీవికి స్వభావం ఉండదు. మ్యూకు అది నప్పుతుంది, ఎందుకంటే అన్ని జీవులకూ మూలం అదేనన్నది దాని కథ.

పంపకంలో నాకు నచ్చిన ఉదాహరణలు రెండున్నాయి. స్లేకింగ్ అనే బద్ధకపు కోతికి మొత్తం 670. దేవతలతో సమానం. కానీ దాని పుట్టు గుణం ట్రూయెంట్, ఒక వంతు కొడితే తర్వాతి వంతు పడుకుంటుంది. నింకాడా పరిణామం చెందినప్పుడు మిగిలే ఖాళీ డొల్ల షెడింజా. దానికి ప్రాణం ఒకటే ఒకటి. అయితే రెట్టింపు తగిలే టైపు దెబ్బలు తప్ప మామూలు దెబ్బలేవీ దాన్ని తాకవు. ఆ అంకెలను మార్చి చూడండి, ఆ జీవులు మిగలవు.

మా ఎర్ర పురుగు చివరి దశకు 460 చాలనుకున్నాం. ఊళ్లో దొరికే జీవి, దేవత కాదు. ప్రాణం 75, దాడి 60, రక్షణ 85, ప్రత్యేక దాడి 80, ప్రత్యేక రక్షణ 110, వేగం 50. చేదు ఒళ్లు కాబట్టి రక్షణలు పెద్దవి. పాకుతూ పోయేది కాబట్టి వేగం చిన్నది. ఈ 50 దగ్గర మా ఇద్దరికీ పంచాయితీ అయింది. వాడు స్విఫ్ట్ స్విమ్ పక్షం. లెక్క వేసి చూపించాడు కూడా. 50వ లెవెల్‌లో, మిగతావన్నీ సమానమైతే, మూలవేగం, అంటే ఆ ఆరు అంకెల్లోది, 50 ఉన్న జీవికి కొట్లాటలో నిజంగా వచ్చే వేగం 70, వానలో 140. అది మూలవేగం 120 ఉన్న అలకజామ్ అనే జీవితో సమానం. "వానల అలకజామ్‌ను ఉరికిస్తది మామా!" లెక్కలో తప్పు లేదు. కానీ ఆరుద్ర పురుగు ఉరకగా చూసినవాళ్లెవరు? వానొస్తే అది బతుకుతుంది, పరుగు నేర్వదు. డ్రై స్కినే ఉండాలన్నాను. చివరికి వాడు ఒప్పుకున్నాడు, అదీ మిర్చి బల్లికి వేగం 115 ఇస్తానన్నాకే.

మొదటి దశకు లీచ్ లైఫ్ అనే విద్య ఇచ్చాం. కొట్టిన దెబ్బలో సగం తనకు ప్రాణంగా వస్తుంది. మిడతకు అంటుకుని పీల్చే పిల్లకు వేరే ఏం కావాలి? రెండో దశ నుంచి మూడో దశకు మారాలంటే లెవెల్ ఒక్కటే చాలదు, బయట వాన పడుతుండాలని పెట్టాం. ఇది కొత్త రూలేమీ కాదు. స్లిగ్గూ అనే జీవి గూడ్రాగా మారాలన్నా వాన ఉండాల్సిందే. కొత్తగా చేసేవాళ్లు అబిలిటీలనూ రూళ్లనూ సొంతంగా పుట్టించడానికి ఉబలాటపడతారు. ఉన్నవాటిలో సరిపోయేది వెతకడం ఎక్కువ కష్టం, ఎక్కువ నేర్పు. సొంతంగా పుట్టించినవి పదిలో తొమ్మిది 'అందరినీ ఒకే దెబ్బకు చంపును' దగ్గర తేలతాయి.

బొమ్మ, పేరు

గేమ్ బాయ్ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగు ఛాయలు. యుద్ధంలో ఎదుటి జీవి బొమ్మకు దక్కేది ఎక్కువలో ఎక్కువ 56కు 56 చుక్కలు. పికాచును ఊహించిన అత్సుకో నిషిద అయినా, ఆ కాలపు జీవుల బొమ్మలకు రూపమిచ్చిన కెన్ సుగిమోరి అయినా ఈ ఇరుకులోనే గీయాలి. పొడవు చెవులు, మెరుపు తోక, గుండ్రటి బుగ్గలు. పికాచును నల్ల సిరాతో నింపేసినా గుర్తుపడతాం. ఫేకెమాన్ గీసేవాళ్లు చేసుకునే మొదటి పరీక్ష ఇదే, నీడ పరీక్ష.

ఈ సంగతి మన దగ్గర చేర్యాల నకాషీ పటాలు గీసేవాళ్లకు ఎప్పుడో తెలుసు. పటాన్ని నిలబెట్టి కులపురాణం చెప్తుంటే దూరంగా కూర్చున్న మనిషికి ఎవరు రాజో ఎవరు రాక్షసుడో ఒక్క చూపులో తెలియాలి. అందుకే చిక్కటి గీత, చదునైన రంగు, పెద్ద కళ్లు. మేమూ ఆ పద్ధతినే తీసుకుందామనుకున్నాం. ఒక్క ఇబ్బంది వచ్చింది. చేర్యాల పటానికి వెనక రంగు ఎరుపు, మా పురుగూ ఎరుపే. ఎర్రలో ఎర్ర కలిసిపోయి కాళ్లు మాత్రం గాలిలో వేలాడాయి. చివరికి వెనక నల్లరేగడి రంగు వేశాం.

మఖ్మల్‌ను ఎట్లా చూపాలన్నది ఇంకో గొడవ. వాడు ఒంటి నిండా వెంట్రుకలు గీశాడు, ఎలుగుబంటి పిల్ల తయారైంది. వెంట్రుకలన్నీ చెరిపి అంచు మీద నాలుగు చోట్ల చిన్న రంపపు పళ్లు పెడితే ఒళ్లంతా మెత్తగా కనిపించింది. ముందు కాళ్లు రెండు కొంచెం పెద్దవి చేశాం. నీడ పరీక్షలో గుండీకి కాళ్లు మొలిచినట్టు కనిపిస్తే చాలనుకున్నాం, కనిపించింది.

పేరు దగ్గర తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది, సంధులు. రెండు మాటలను అతికించి ఒకటి చేయడం బడిలోనే నేర్పారు మనకు. ఆట వాళ్లు చేసేదీ అదే. మొదటి దశకు 'ఎర్రంటు' అని పెట్టాం, ఎర్రగా ఉండి అంటుకునేది. రెండో దశకు 'మన్నిద్ర', మట్టిలో నిద్ర. ఇది మా అమ్మ చెప్పిన పేరు, నాకు అన్నిటికన్నా ఇష్టం. మూడోది 'మఖ్మల్లు'. పేరును గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి అరిచి చూడాలి. నోరు తిరగకపోతే పనికిరాదు. కంప్యూటర్లో చేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇంగ్లిష్ ఆటల్లో పేరుకు 12 అక్షరాల హద్దు ఉంటుంది. మన కంటికి మఖ్మల్లు మూడక్షరాలే. కంప్యూటర్ మాత్రం ఒత్తునూ గుణింతాన్నీ విడివిడిగా లెక్కపెట్టి ఎనిమిది అంటుంది. 'గండభేరుండం' లాంటిది పెడితే నాలుగైదు అక్షరాలని మనమనుకుంటాం, అది పది అంటుంది.

మూడో దశకు మా వాడు ముందు చెప్పిన పేరు వేరే. 'మఖ్‌మల్లన్న'. వినడానికి ఎంత బాగుందో! వెంటనే పక్కనే ఉన్న మా అమ్మ "ఐనవోలు మల్లన్నను డబ్బాల పెట్టి కొట్లాడిస్తవా?" అని నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది.

ఏది పట్టుకోవచ్చు, ఏది పట్టుకోకూడదు

అమ్మ మాటలో పెద్ద చర్చే ఉంది. ఈ ఆటల్లో ప్రధాన క్రియ పట్టడం. పట్టి, బంతిలో పెట్టి, కొట్లాటకు దింపడం. దేవతలను ఆటలోకి తేవడం జపాన్‌లో కొత్త కాదు. పోకెమాన్ కన్నా ముందు, 1987లో మొదలైన మెగామి టెన్‌సెయ్ ఆటల వరుసలో రాక్షసులను మాటలతో తన వైపు తిప్పుకోవచ్చు, ఆ జాబితాలోకి మన దేవతలు కూడా వచ్చారు. వాళ్ల పద్ధతి వాళ్లది. నా మటుకు మేడారం వైపు పోను. సమ్మక్క సారలమ్మలకు గుళ్లో విగ్రహమే లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు తెచ్చే కుంకుమ భరిణె రూపంలో వస్తుంది తల్లి. రూపం వద్దనుకున్న దేవతకు మనం రెక్కలు, కోరలు గీసి ఆరు అంకెలు ఇవ్వడమేంటి? గుస్సాడీ నెమలి టోపీ కూడా అంతే. అది దండారీ పండుగలో గోండులు నియమాలతో ధరించేది, వేషం కాదు.

అతి జాగ్రత్త అని మీరు అనవచ్చు. మొదటి 151లోనే ఉన్న జింక్స్ సంగతి చూడండి. నల్ల ముఖం, పెద్ద పెదవులు. అమెరికాలో నల్లజాతివాళ్లను వెక్కిరించిన పాత వేషాలను గుర్తుచేస్తోందని విమర్శ వచ్చింది, తర్వాత దాని ముఖాన్ని ఊదా రంగుకు మార్చారు. పెద్ద సంస్థ కాబట్టి తర్వాత దిద్దుకుంది.

ఎక్కువ ఆలోచనలో పడేసింది పాలపిట్ట. మన రాష్ట్ర పక్షి. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం భగ్గుమంటుంది. యుద్ధంలో రూపం మారే జీవికి ఇంతకన్నా మంచి ముడిసరుకు లేదు. కానీ దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని, దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు తయారయ్యారు. చట్టం ప్రకారం అది నేరం. అలాంటి పిట్టను బంతిలో బంధించే ఆట ఆడించాలా? మా వాడి జవాబు నాకు నచ్చింది: "దాన్ని పట్టరాకుండ పెడ్దాం మామా. కనవడ్తే మనకు మంచిగైతది, గంతే." ఏ బంతికీ దొరకని, కనిపిస్తే మాత్రం జట్టు మొత్తానికి ప్రాణం నింపి ఎగిరిపోయే పిట్ట. పిల్లలు ఒక్కోసారి ఇట్లా తలదన్నేస్తారు.

చట్టం మాట కూడా రెండు ముక్కల్లో. మీరు సొంతంగా ఊహించిన జీవి మీదే. ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కాబట్టి 'పురుగు పెరిగి మారుతుంది' అన్నది ఎవరి సొత్తూ కాదు. పికాచు రూపం, పోకెమాన్ అన్న పేరు, వాళ్ల సంగీతం, బొమ్మలు వాళ్లవి. 2016లో పోకెమాన్ యురేనియం అనే అభిమానుల గేమ్ తొమ్మిదేళ్ల శ్రమ తర్వాత బయటికి వచ్చింది. ఉచితంగానే ఇచ్చారు. పదిహేను లక్షలకు పైగా డౌన్‌లోడ్లు అయ్యాక పోకెమాన్ ఆటలు అమ్మే నింటెండో సంస్థ తరఫు నోటీసులతో చేసినవాళ్లే లింకులు తీసేశారు. 2024లో పాల్‌వరల్డ్ అనే, జీవులను పట్టే ఇంకో ఆట మీద ఆ సంస్థ వేసిన దావా కాపీరైట్ మీద కాదు, పేటెంట్ల మీద. నోట్‌బుక్‌లో గీసుకుంటే, స్నేహితులతో కాగితం మీద ఆడుకుంటే ఏ తంటా లేదు. రేపు అమ్మే ఆలోచన ఉంటే మొదటి రోజు నుంచే పేరూ లోకమూ వేరుగా పెట్టుకోండి.

ముడిసరుకుకు మాత్రం మన దగ్గర కరువు లేదు. మొదటి ఆటలోనే శిలాజాల నుంచి బతికించే జీవులున్నాయి. మనకు ప్రాణహిత గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ ఉంది, జురాసిక్ కాలపు పొడవు మెడ శాకాహారి. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబడి ఉంది. సింగరేణి బొగ్గు మీద చేద్దామంటే మాత్రం కొంచెం జాగ్రత్త, రోలీకోలీ అనే బొగ్గు జీవి 2019 ఆటలో వచ్చేసింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది రామప్ప ఇటుక. పాలంపేటలో 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడికి పోయినవాళ్లు మదనికలను గీసుకొస్తారు, ఏనుగు మీద సింహం ఉన్న గజకేసరులను గీసుకొస్తారు. మా వాడూ గజకేసరే అన్నాడు. శిల్పమే అప్పటికే పూర్తయిన జీవి, మనం కలిపేదేముంటుంది? శిఖరానికి వాడిన ఇటుకల గురించి చెప్పాను. నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. పేరు అప్పుడే పుట్టింది, తేలిటుక.

"తేల్తది కదా మామా, లెవిటేట్ పెడ్దాం." లెవిటేట్ ఉంటే గ్రౌండ్ దెబ్బలు తగలవు. చూడండి, తెలుగు ఎట్లా మోసం చేసిందో! నీళ్ల మీద తేలినా గాలిలో తేలినా మనకు ఒకటే మాట. ఇటుక తేలేది నీళ్లలో. అందుకే రాక్, వాటర్ అనుకున్నాం. లెక్క తీస్తే గ్రాస్ దెబ్బ నాలుగింతలు వచ్చింది. వాడు నిరాశపడ్డాడు. నాకు మాత్రం పాత గుళ్ల శిఖరాల మీద మొలిచి రాళ్లను విడదీసే రావి మొక్కలు కళ్లముందు కదిలాయి. ఇంతకన్నా సరైన బలహీనత ఏముంటుంది? గ్రౌండ్ దెబ్బ రెట్టింపు. అందులో పేరుమోసిన విద్య ఎర్త్‌క్వేక్, భూకంపం. రామప్ప పునాదిలో ఇసుక పోసి కట్టారు, భూమి కదిలితే ఆ అదురును అది తగ్గిస్తుందంటారు. దానికి సరిపోయే గుణం సాలిడ్ రాక్. రెట్టింపు, నాలుగింతలు తగిలే దెబ్బలన్నిటినీ పాతిక శాతం తగ్గిస్తుంది. భూకంపం ఒకటిన్నరకు దిగింది, రావి వేరు మూడుకు.

ఇక బరువు మిగిలింది. ఆటలో ప్రతి జీవికీ బరువు ఉంటుంది, అది ఉత్త అలంకారం కాదు. లో కిక్ అనే విద్య ఎదుటివాడి బరువును బట్టి దెబ్బ వేస్తుంది. 200 కిలోలు, ఆ పైన ఉంటే బలం 120, పది కిలోల లోపు ఉంటే 20. రాతి జీవులంటే బరువైనవి, ఓనిక్స్ అనేది 210 కిలోలు, ఆ కాలి దెబ్బకు కూలిపోతాయి. మా వాడు పెన్సిల్ చెవిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"పది కిలోలంటే పది లోపట పట్టదు కదా మామా?"

"పట్టదు."

నోట్‌బుక్‌లో ఎనుమాముల్‌మాన్ పక్క పేజీ తీసి, తేలిటుక బొమ్మ కింద రాశాడు: బరువు 9.9 కిలోలు.